ఎడమవైపు మసక

సంచీ సర్దనని జానకీదేవి ఒక్కసారే అంది. ఆ తర్వాత ఎవరెంత బతిమాలినా ఆ మాట మార్చలేదు.

మర్నాడు పొద్దున్నే రాజమండ్రి వెళ్ళి ఆంజనేయరాజు గారు ఆసుపత్రిలో చేరాలి. ఎల్లుండి ఆపరేషన్. ఆయనకి ప్రోస్టేట్ గ్రంథిలో కేన్సర్ అని తేలిన దగ్గర్నుంచి ఇంట్లో ప్రతి పనీ జానకీదేవి చేతిమీదుగానే నడిచింది. మందుల వేళలు చూడడం, పథ్యం వండడం, పరామర్శకి వచ్చినవాళ్ళకి కాఫీ ఇచ్చి రెండు మాటల్లో సాగనంపడం, అన్నీ ఆవిడే. అలాంటి మనిషి భర్త పంచెలు మంచం మీద పడేసి, ఖాళీ సంచీ వాటి పక్కన పెట్టి, పెరట్లోకి వెళ్ళి బొమ్మిడాయిలు బాగుచేస్తూ కూర్చుంది.

"అమ్మా, మీరిలా కూర్చుంటే ఎలాగండీ?" అన్నాడు ఫణీంద్ర పెరటి గుమ్మంలో నిలబడి. అతను వాళ్ళ ఒక్కగానొక్క కొడుకు. భీమవరంలో రొయ్యల మేత వ్యాపారం చూసుకుంటాడు.

"మీ నాన్నగారే సర్దుకుంటారు బాబూ. అన్నీ ఆయనే తేల్చుకుంటున్నారు కదా. సంచీ ఎంతలే."

"ఏం తేల్చుకున్నారండీ?"

జానకీదేవి చేపకి బూడిద రాసి రాయి మీద రుద్దింది. గట్టిగానే రుద్దింది.

ఫణీంద్ర హాల్లోకి వచ్చి భార్య పక్కన కూలబడ్డాడు. సుప్రజ ఇంజినీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతుంది. మావగారి ఆపరేషన్ కోసం ఆ వారం సెలవు పెట్టింది.

"అమ్మకి భయం పట్టుకున్నట్టుంది" అన్నాడు.

"భయం కాదండి. కోపం."

"ఎవరి మీద?"

"మావయ్యగారి మీద. మీ మీద కూడా కొంచెం."

ఫణీంద్ర భార్య మొహంలోకి చూశాడు. సంగతి అప్పుడు వెలిగింది. "చెప్పేశావా?" అన్నాడు గొంతు తగ్గించి.

"చెప్పేశాను."

"అది అమ్మతో చెప్పే విషయమా?"

"మరి ఎవరితో చెప్పే విషయమండి? మీరు నాతో చెప్పారుగా."

ఫణీంద్ర ఫోన్ తీసి, అందులో ఏమీ లేకపోయినా చాలాసేపు చూశాడు.

రాజుల ఇళ్ళల్లో మర్యాద సంగతి మా జిల్లాలో ఎవర్నడిగినా చెబుతారు. ఉయ్యాల్లో పిల్లాణ్ణి కూడా మీరు అంటారు. మగవాళ్ళు కూర్చుని మాట్లాడుకునే చోటికి ఆడవాళ్ళు వెళ్ళరు, పిలిస్తే గుమ్మం దాకా వస్తారు. కాలం మారిందనుకోండి, సుప్రజ సొంతంగా కారు నడుపుకుని కాలేజీకి వెళ్ళొస్తోంది. అయినా ఆసుపత్రికి వెళ్తే డాక్టరుగారి గదిలోకి తండ్రీ కొడుకులు వెళ్తారు, అత్తా కోడళ్ళు బయట కుర్చీల్లో కూర్చుంటారు. ఎవరూ పెట్టిన నియమం కాదు. కాళ్ళకి అలా అలవాటైపోయింది.

కిందటి మంగళవారం కూడా అలాగే జరిగింది. డాక్టర్ ప్రసన్నకుమార్ ఎమ్మారై స్కాన్ తెర మీద పెట్టి, ఆపరేషన్ ఎలా చేయబోయేదీ తండ్రీకొడుకులకి వివరించాడు. గ్రంథికి రెండు పక్కలా సన్నటి నరాలు ఉంటాయి. భార్యాభర్తల సంబంధం నిలిచేది వాటి మీదే. కుడిపక్క కణితి అంచుదాకా వచ్చేసింది కాబట్టి ఆ నరాలు దక్కవు. ఎడమపక్క చిన్న మసక కనిపిస్తోంది. అది కణితే కావచ్చు, కాకపోనూ వచ్చు. పేషెంటు కోరుకుంటే జాగ్రత్తగా ఆ పక్క నరాలు ఉంచవచ్చు. అక్కర్లేదంటే రెండు పక్కలా వెడల్పుగా కోసి తీసేయవచ్చు.

ఆ తర్వాత డాక్టరు అడగాల్సిన ప్రశ్న అడిగాడు. "మీ ఇద్దరి మధ్యా ఆ సంబంధం ఇంకా ఉందాండి?"

ఆంజనేయరాజు గారు కొడుకు వైపు చూశారు. కొడుకు గోడ మీద క్యాలెండరు వైపు చూశాడు.

"ఆ ముచ్చట్లన్నీ ఎప్పుడో అయిపోయాయండి" అని నవ్వేశారు రాజుగారు. "రెండు పక్కలా తీసిపారేయండి."

"ఇంట్లో ఒకసారి మాట్లాడుకుని చెప్పండి. తొందరేం లేదు."

"మాట్లాడుకునేదేముందండి. రొయ్యల చెరువులో ఒక మూల వైట్‌స్పాట్ తెగులు కనబడితే ఆ మూల ఒక్కటే వల వేసి ఊరుకోమండి. రాత్రికి రాత్రి రొయ్యంతా పట్టుబడి చేసి చెరువు ఖాళీ చేసేస్తాం. ఇదీ అంతేనండి."

ఆ జవాబు అబద్ధమని ఆయన కాక తెలిసిన ఒకే ఒక్క మనిషి తలుపు అవతల కూర్చుని, నర్సు ఎవరి పేరు పిలిచినా తలెత్తి చూస్తోంది.

తండ్రి గుండెధైర్యం చూసి ఫణీంద్ర పొంగిపోయాడు. ఇంటికొచ్చి ఆ సంగతి సుప్రజకి గొప్పగా చెప్పాడు. సుప్రజ కొన్నాళ్ళు కడుపులో దాచుకుని, ఇక ఉండబట్టలేక ఈ పొద్దున్న కాఫీ కలుపుతూ అత్తగారిని అడిగింది.

"అత్తయ్యగారూ, నరాల సంగతి మావయ్యగారు మీతో చెప్పారాండి?"

"ఏ నరాలమ్మా?"

అంతే. అప్పుడు పక్కన పెట్టిన సంచీ ఇంకా ఖాళీగానే ఉంది.

*

మధ్యాహ్నం క్యారేజీ పట్టుకుని జానకీదేవి చెరువు గట్టుకి బయల్దేరింది. ఆవిడ చెరువుల మీదికి రావడం అరుదు. కొత్త రొయ్యపిల్ల వేసేటప్పుడు నీళ్ళలో పసుపు కుంకుమ చల్లడానికి వస్తుంది, వెళ్ళిపోతుంది. సుప్రజ గట్టు మొదట్లో కారాపి, "నేనిక్కడే ఉంటానత్తయ్యగారూ, మీరు వెళ్ళి రండి" అంది.

రాజుగారు షెడ్డు నీడలో నిలబడి, చెరువులోంచి మేత తట్ట పైకి తీయించి రొయ్యలు ఏమాత్రం తిన్నాయో చూస్తున్నారు. రేపు ఆసుపత్రిలో చేరబోయే మనిషిలా లేరు. తట్ట పట్టుకున్న పనివాడు వెంకన్న జానకీదేవిని చూసి, "అమ్మగారొచ్చారండి" అని తట్టని మళ్ళీ నీళ్ళలోకి దించేసి, ఏరియేటర్ చూసొస్తానని అవతలి గట్టుకి వెళ్ళిపోయాడు.

"మీరెందుకొచ్చారు ఎండలో? వెంకన్నని పంపేవాణ్ణి కదా."

నలుగురిలో ఆంజనేయరాజు గారు భార్యని మీరు అనే అంటారు. నువ్వు అనేది ఇద్దరే ఉన్నప్పుడు. వెంకన్న ఎంతదూరం వెళ్ళాడో చూసుకుని గాని మాట మార్చరు.

జానకీదేవి బల్ల మీద ఆకు వేసి అన్నం పెట్టింది. బొమ్మిడాయిల పులుసు వేసింది. కోపంలో ఉండి కూడా తనకి ఇష్టమైన కూరే వండిందని ఆయన గమనించారు. దాంతో ఆ కోపం ఎంత పెద్దదో అంచనా వేసుకోలేకపోయారు.

నాలుగు ముద్దలు తిననిచ్చి అడిగింది. "డాక్టరుగారు మిమ్మల్ని ఏదో అడిగారట."

చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "ఎవరు చెప్పారు నీకు?"

"ఎవరు చెబితే ఏంటండి. మీరు చెప్పలేదు."

"అదేమన్నా చెప్పుకునే విషయమా జానకీ?"

"నాతో కూడానా?"

రాజుగారు చెరువు వైపు చూశారు. ఏరియేటర్లు నీళ్ళు చిమ్ముతున్నాయి. ఆ చప్పుడు లేకపోతే ఆ కాసేపూ గడవడం ఆయనకి కష్టమయ్యేది.

"నేను ముసలిదాన్నయిపోయానని నాకు చెప్పకుండా డాక్టరుగారికి చెప్పొచ్చారు" అంది జానకీదేవి.

"ఛ, అదేం మాట. నేనన్నది నా గురించి."

"అది మీ ఒక్కరి గురించి ఎలా అవుతుందండి?"

ఆయన ముద్ద నోట్లో పెట్టుకుని నెమ్మదిగా నమిలారు. మింగాక అన్నారు. "అబ్బాయి పక్కనే కూర్చున్నారు. కన్నకొడుకు ముందు ఏమని చెప్పను? నువ్వయితే ఏం చేసేదానివి?"

"కాసేపు బయట కూర్చోండి బాబూ అనేదాన్ని."

రాజుగారు తెల్లబోయారు. అంత చిన్న ఉపాయం ఆయనకి ఆ రోజూ తట్టలేదు, ఈ వారం రోజుల్లోనూ తట్టలేదు.

"పోనీ ఇంటికొచ్చాకైనా చెప్పొచ్చు కదండి. వచ్చిన రోజు నుంచి ముందుగదిలో మంచం ఎక్కేశారు. ఏసీ పడట్లేదన్నారు. నిజమనుకుని లేచి లేచి వచ్చి మీకు దుప్పటి కప్పాను."

"అలవాటు చేసుకుందామని."

"ఏం అలవాటు?"

"ఆపరేషనయ్యాక ఎలాగూ..." అని ఆగిపోయారు. "నీ పక్కన పడుకుని, పడుకున్నంత మాత్రాన సరిపెట్టుకోవడం నావల్ల కాదేమో అనిపించింది. అందుకని ముందునుంచే దూరంగా ఉంటే నయమనుకున్నాను."

జానకీదేవికి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండూ ఒకేసారి వచ్చేసరికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఈ మనిషితో ఇంతకాలం కాపురం చేసింది. ఎవరితోనైనా ఎంతైనా మాట్లాడగలరు, బేరంలో ఎదుటివాణ్ణి కుర్చీలోంచి లేవనివ్వరు. తనతో చెప్పుకోవాల్సిన ఒక్క మాట దగ్గరికి వచ్చేసరికి ఇలా ముందుగదికి పారిపోయారు. ఆవిడకి ఆయన మీద చెప్పలేనంత జాలి వేసింది.

"నాకు భయమేసింది జానకీ" అన్నారు ఆయన ఆకులోకి చూస్తూ. "ఆ స్కాన్‌లో అది కనిపిస్తుంటే, ఒంట్లో దాని ఆనవాలు కూడా ఉండకూడదనిపించింది. చెరువు ఖాళీ చేసినట్టు చేసెయ్యాలనిపించింది."

"చెరువు ఖాళీ చేస్తే ఎండబెడతారు, సున్నం చల్లుతారు, నీళ్ళు పెట్టి మళ్ళీ పిల్ల వేస్తారు. ఇది మళ్ళీ వేసేది కాదు కదండి."

ఆయన ఆకులో అన్నం కలపడం మొదలుపెట్టారు.

"రేపు డాక్టరుగారి గదిలోకి నేనొస్తాను" అంది.

"వచ్చి?"

"ఆయన అడిగింది మళ్ళీ అడగమంటాను."

"ఒకసారి తీసెయ్యమని చెప్పి, ఇప్పుడు కాదంటే ఏం బాగుంటుంది? ఆయనేమనుకుంటారు?"

"డాక్టరుగారేమనుకుంటారోనని ఒళ్ళు కోయించుకుంటారా మీరు?"

రాజుగారు ఆకు ముందుకి జరిపి పులుసు మళ్ళీ వేయించుకున్నారు. ఆకు మడుస్తూ, "బాగుంది పులుసు" అన్నారు.

"మీకోసం వండలేదు. చేపలొచ్చాయని వండాను" అంది జానకీదేవి క్యారేజీ మూత బిగిస్తూ.

సాయంత్రం అయ్యేసరికి సంచీ సర్ది ఉంది. ముందుగదిలో మంచం మీద పరుపు కూడా చుట్టేసి ఉంది. పరుపు ఎవరు చుట్టారని ఆ ఇంట్లో ఎవరూ అడగలేదు. సుప్రజ చూసింది, చూడనట్టు దీపం వెలిగించడానికి వెళ్ళిపోయింది.

*

మర్నాడు తణుకు దాటేదాకా కారులో మాటల్లేవు. ఫణీంద్ర నడుపుతున్నాడు. రాజుగారు ముందు సీట్లో కళ్ళు మూసుకుని ఉన్నారు, నిద్రపోవడం లేదని అందరికీ తెలుసు.

"బాబూ" అంది జానకీదేవి వెనకనుంచి. "ఇవాళ డాక్టరుగారి గదిలోకి నాన్నగారితో నేను వెళ్తాను. మీరు బయట కూర్చోండి."

"మీరెందుకమ్మా శ్రమ? ఆ స్కాన్ సంగతులవీ మీకు అర్థం కాకపోతే..."

"అర్థం కాకపోతే ఆయన్నే అడుగుతాను. అంత చదువుకున్నారు కదా, చెబుతారు."

సుప్రజ కిటికీ వైపు తిరిగి నవ్వు దాచుకుంది. రాజుగారు కళ్ళు మరింత గట్టిగా మూసుకున్నారు.

రావులపాలెంలో టీకి ఆగారు. ఫణీంద్ర తల్లికి గ్లాసు అందించి, ఇవ్వడం అయిపోయినా అక్కడే నిలబడ్డాడు.

"అమ్మా, ఆ రోజు నేనే లేచి బయటికి వెళ్ళిపోవాల్సిందండి. ఆయన ఇబ్బంది పడుతున్నారని తెలుస్తూనే ఉంది. లేస్తే ఎలా ఉంటుందో అనుకున్నాను. కూర్చుంటే ఎలా ఉంటుందో అనుకోలేదు."

కొడుకు చెవులు ఎర్రబడడం చూసింది జానకీదేవి. చిన్నప్పుడూ అంతే, తప్పు చేసిన రోజున ముందు చెవులే చెప్పేవి. "ఆయనకీ తట్టలేదు బాబూ. పోనీండి. టీ చల్లారిపోతోంది, తాగండి" అని అతని చేతి మీద చెయ్యి వేసింది.

ఆసుపత్రిలో పేరు పిలిచేసరికి ఫణీంద్ర అలవాటుకొద్దీ లేచాడు. సుప్రజ అతని చొక్కా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. తలుపు తోసుకుని రాజుగారు ముందు, జానకీదేవి వెనక లోపలికి వెళ్ళారు.

డాక్టర్ ప్రసన్నకుమార్ తలెత్తి, ఈసారి పక్కనున్నది ఎవరో చూసి, కుర్చీ కొంచెం ముందుకి జరుపుకున్నాడు. వయసులో ఫణీంద్ర కంటే పెద్ద ఏమీ కాదు.

"రండమ్మా, కూర్చోండి. మీరొస్తే బాగుండునని అనుకున్నాను."

"ఆ స్కాన్ నాకోసారి చూపిస్తారాండి?"

డాక్టరు తెరని ఆవిడ వైపు తిప్పాడు. నలుపూ తెలుపూ బూడిదరంగూ కలిసిన బొమ్మ. మొదట ఆవిడకి ఏమీ తెలియలేదు. తన భర్త ఒంటి లోపలి భాగం ఇలా ఉంటుందా అని మాత్రం అనిపించింది. ఎవరూ చూడకూడని చోటు చూస్తున్నట్టు కాస్త ఇబ్బంది పడింది.

"పైన తెల్లగా ఉన్నది మూత్రాశయం. దాని కింద ఇదీ గ్రంథి. ఇదిగో, మన కుడిచేతివైపు కనిపిస్తున్నది బొమ్మలో ఆయనకి ఎడమ. ఎదురుగా నిలబడ్డ మనిషిని చూసినట్టే. ఈ నల్లటి ముద్ద ఉందే, ఇది ఆయనకి కుడిపక్క. ఇదే కణితి. గ్రంథి పైపొర దాకా వచ్చి ఆనింది. ఈ పక్క నేను దూరంగా కొయ్యాలి, నరాలు పోతాయి. ఇందులో ఆలోచించేది లేదు."

"మరి మసక అన్నారట?"

డాక్టరు పెన్సిల్ మొనతో చూపించాడు. రెండో పక్క, అంచుకి దగ్గర్లో, చిన్న గింజంత మేర రంగు తేడాగా ఉంది. చెప్పి ఉండకపోతే ఆవిడ దాన్ని చూసేదే కాదు.

"ఇదమ్మా. బయాప్సీలో సూదితో ముక్కలు తీశాం కదా, తీసిన చోట కొన్నాళ్ళు రక్తం నిలిచిపోతుంది. అదీ స్కాన్‌లో ఇలాగే ఉంటుంది. ఈ పక్క తీసిన ముక్కల్లో కేన్సర్ కనబడలేదు. కాబట్టి ఇది రక్తపు మచ్చే అని నా అనుమానం. కాదు, కణితే అయినా ఆశ్చర్యపోను."

"ఇంకొన్నాళ్ళు ఆగి మళ్ళీ తీస్తే తేలిపోదాండి?"

"తేలుతుంది. కానీ కుడిపక్కది అన్నాళ్ళు ఆపడం నాకిష్టం లేదు."

జానకీదేవి తలూపింది. ఇంతవరకూ ఆవిడకి అర్థమైంది. రాజుగారు తన చేతులు తను చూసుకుంటున్నారు.

"ఎడమపక్క నరాలు ఉంచితే అన్నీ మునుపటిలా అవుతాయని నేను మాటివ్వలేనమ్మా. కొందరికి నెమ్మదిగా తిరిగొస్తుంది, కొందరికి రాదు. ఆ నరాలుంటే మూత్రం పట్టు త్వరగా కుదురుకోవడానికి కూడా పనికొస్తుంది. తీసేస్తే మటుకు దానంతట అది తిరిగిరాదని చెప్పగలను. అందుకే ఆ రోజు రాజుగారిని ఆ ప్రశ్న అడిగాను." డాక్టరు ఒక్క క్షణం ఆగాడు. "అబ్బాయిగారి ముందు అడిగి ఉండకూడదు. ఇప్పుడు మళ్ళీ అడుగుతున్నాను. మీ ఇద్దరి మధ్యా ఆ సంబంధం ఉందాండి?"

ఆంజనేయరాజు గారి చెవులు ఎర్రగా అయ్యాయి.

జానకీదేవి తల వంచుకోలేదు. కొంగు భుజం మీదికి సర్దుకుంది.

"ఉందండి" అంది.

ఆ మూడక్షరాలు ఆవిడ పెళ్ళయిన దగ్గర్నుంచి ఎవరితోనూ అని ఉండదు, తోడబుట్టినవాళ్ళతో కూడా. రాజుగారు తలెత్తి భార్య వైపు చూశారు. ఆ చూపులో ఉన్నది సిగ్గో గర్వమో డాక్టరు తేల్చుకోలేక కాయితాల వైపు తిరిగాడు.

"సరేనమ్మా. అయితే ఎడమపక్క ఉంచే ప్రయత్నం చేద్దామా?"

"ఒక మాటండి" అంది జానకీదేవి. "ఆ మసక కణితే అయితే?"

"ఆపరేషన్ మధ్యలోనే ఆ అంచు ముక్క ల్యాబుకి పంపుతాను. అక్కడ కనబడితే ఆ నరాలు కూడా తీసేస్తాను."

"వాళ్ళకి కనబడకుండా ఏమన్నా మిగిలిపోతే?"

"మిగలవచ్చమ్మా. ఆ భయం తక్కువే. కానీ లేదని చెప్పను. మళ్ళీ వస్తే రేడియేషన్ పెట్టాలి, మందులు వాడాలి."

"రెండు పక్కలా తీసేస్తే?"

"ఆ పక్కనుంచి వచ్చే భయం బాగా తగ్గుతుంది."

జానకీదేవి మళ్ళీ తెర వైపు చూసింది. గింజంత మసక. వారం రోజులుగా భర్త ముందుగదిలో ఒంటరిగా దీన్నే కళ్ళ ముందు పెట్టుకుని పడుకున్నారని ఆవిడకి ఇప్పుడు తెలిసింది. ఆయన భయం ఎంతదో నిన్న గట్టు మీద చెబితే సగమే అర్థమైంది. చూశాక మిగతా సగం వచ్చి గుండెల మీద కూర్చుంది. పొద్దున్నే మేడ మీద నిలబడి చెరువుల వైపు చూసే మనిషి, కాఫీ ఒక్క గుక్క ఎక్కువ వేడిగా ఉంటే పేచీ పెట్టే మనిషి. ఆ మనిషి లేని ఇల్లు ఒక్క క్షణం కనబడింది.

"తీసేయండి" అంది.

"ఏంటీ?" అన్నారు రాజుగారు.

"రెండు పక్కలా తీసేయండి డాక్టరుగారు. ఆయన చెప్పిందే నయం."

"వద్దండి" అన్నారు రాజుగారు డాక్టరుతో. "ఎడమపక్క ఉంచండి."

"ఆయన మాట పట్టించుకోకండి."

"ఒళ్ళు నాదండి."

"నిన్నటిదాకా తీసిపారేయమన్నారు కదండి ఈ ఒంట్లోంచే."

"నిన్నటిదాకా నువ్వు అడగలేదు."

నువ్వు అనేశారు. బయటి మనిషి ముందు, ఇంత వెలుతురులో. అన్నానని ఆయనకి తెలిసినట్టు లేదు. ఆవిడకి తెలిసింది.

డాక్టరు ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. ఈ గదిలో మొగుడూ పెళ్ళాలు పోట్లాడుకోవడం ఆయనకి కొత్త కాదు. ఒకరి పక్షం ఇంకొకరు పుచ్చుకుని పోట్లాడుకోవడం కొంచెం అరుదు. లేచి నిలబడ్డాడు.

"వార్డులో ఒకర్ని చూసి వస్తాను. రేపు పొద్దున్న నేను కత్తి పట్టేలోపు మీరిద్దరూ ఒకే మాట చెప్పాలి. ఏదైనా నాకు సమ్మతమే." వెళ్తూ తలుపు దగ్గరగా వేశాడు.

ఇద్దరే మిగిలారు. తెర మీద బొమ్మ అలాగే ఉంది.

"నన్ను అడగలేదని కదా నా గొడవ" అంది జానకీదేవి. "ఉంచమని నేనెప్పుడన్నానండి?"

"అనలేదు."

"మరి?"

"ఉందండి అన్నావు కదా ఇందాక. నేనెప్పుడో అయిపోయిందని చెప్పొచ్చినదాన్ని, నువ్వు డాక్టరుగారి మొహం చూసి ఉందండి అన్నావు." ఆంజనేయరాజు గారు తెర మీంచి చూపు తిప్పుకున్నారు. "బతికితే చాలనుకున్నాను అప్పటిదాకా. ఎలా బతకాలో అనుకోలేదు."

"మీరు లేకపోతే నేనేం చేసుకోనండి ఆ నరాల్ని?"

"వాళ్ళు చూసి తీస్తామంటున్నారు కదా. మిగిలిపోయే భయం తక్కువే అంటున్నారు కదా."

"తక్కువ అన్నారు. లేదనలేదు."

ఇద్దరిలో ఎవరూ తప్పు మాట్లాడడం లేదు. అదే వచ్చిన చిక్కు. ఆవిడ కన్నీళ్ళు తుడుచుకోలేదు, కారనిచ్చింది. ఆయన కుర్చీ ఆవిడ కుర్చీ దగ్గరికి జరుపుకున్నారు.

"నా అంతట నేను తేల్చేశానని కోప్పడ్డావు. న్యాయమే. ఇప్పుడు నువ్వూ అదే పని చేస్తున్నావు. పోనీ అడుగుతున్నాను. నా ప్రాణం సంగతి కాసేపు పక్కన పెట్టు. నాకు కావాలని ఉంది జానకీ. నీకు?"

ఇంతకాలంలో ఆయన నోట అలాంటి మాట వినలేదు. చీకట్లో కూడా వినలేదు. ఆ ప్రశ్నకి జవాబు ఆవిడకి తెలుసు. చెబితే ఆ జవాబు రేపు పొద్దున్న కత్తి ఎక్కడ ఆగాలో చెబుతుందని కూడా తెలుసు.

తలుపు మీద చిన్నగా తట్టిన చప్పుడు.

"అమ్మా, డాక్టరుగారు బయటికొచ్చేశారు. అయిపోయిందాండి? నేను రానా?" ఫణీంద్ర గొంతు.

జానకీదేవి లేచి వెళ్ళి తలుపుకి లోపలి గడియ పెట్టింది. వెనక్కి వచ్చి భర్త పక్కన కూర్చుంది.